సాయం వచ్చేలోపు వీధిలో ఎవరున్నారు? సహాయ బృందాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2014 అక్టోబర్ 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. సాయంత్రానికి రోడ్లమీద చెట్లు, చెట్లమీద కరెంటు తీగలు. ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు బయటినుంచి సాయం బయల్దేరినా వీధిలోకి రావడానికి దారి ఉండదు. అంతవరకూ దెబ్బ తగిలినవాళ్లకి దిక్కు పక్కింటివాళ్లే. ఆ పక్కింటివాళ్లకి ముందే నాలుగు పనులు చేత్తో నేర్పించాలని గత సంచికలో రాశాం. దానిమీద విశాఖ పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అపార్టుమెంటులో 80 ఫ్లాట్లు. పన్నెండు మంది కుర్రాళ్లు, నలుగురు ఆడవాళ్లు ముందుకొచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవరు నేర్పుతారు? ఎన్ని రోజులు పడుతుంది?
*– అపార్టుమెంటు సంఘం కార్యదర్శి, మధురవాడ*

జవాబు: జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ‘ఆపద మిత్ర’ పథకం మొదలుపెట్టింది. మొదట వరద ముప్పున్న 30 జిల్లాల్లో 6,000 మందికి, తర్వాత 350 జిల్లాల్లో లక్ష మందికి శిక్షణ ఇవ్వాలన్నది లక్ష్యం. శిక్షణ 12 రోజులు. దాంతోపాటు కిట్టు, బీమా ఇస్తారు. మీ పదహారు మందిలో ఇద్దరికి ఆ అవకాశం దొరికినా మంచిదే. కలెక్టరేట్‌లో విపత్తు నిర్వహణ విభాగాన్ని అడగండి. కానీ దానికోసం మిగతావాళ్లని ఖాళీగా కూర్చోబెట్టకండి.

దాదాపు ఇరవై గంటల శిక్షణతో ఒక బృందం పనికొస్తుంది. ఆదివారానికి మూడున్నర గంటల చొప్పున ఆరు ఆదివారాలు. మొదటి ఆదివారం క్లాసు వద్దు, కాలినడకన మీ వీధి తిరగండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ, గ్యాస్ సిలిండర్లు ఎక్కడ పెడుతున్నారు, ఏ ప్రహరీ ఒరిగింది, ఏ చెట్టు ఎవరి పైకప్పుమీదికి వంగింది, నీళ్లు ఎక్కడ నిలుస్తాయి అనేవన్నీ ఒక పెద్ద కాగితంమీద గీయండి. రెండో వారం మంట, గ్యాస్, కరెంటు. మూడో వారం రక్తం ఆపడం, సి.పి.ఆర్. (గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కడం). నాలుగో వారం గాయపడ్డవాళ్లని వర్గాలుగా విడదీయడం, మోసుకెళ్లడం. అయిదో వారం వెతకడం, బరువు లేపడం. ఆరో వారం చెప్పకుండా పెట్టే మాక్ డ్రిల్లు. మంటల తరగతికి దగ్గరి ఫైర్ స్టేషన్ వాళ్లని, ప్రథమ చికిత్సకి రెడ్‌క్రాస్ లేదా సెయింట్ జాన్ అంబులెన్స్ శిక్షకులని అడగండి.

ఎక్కువ చోట్ల జరిగే పొరపాటు ఒకటుంది. హాల్లో కుర్చీలు వేసి తెరమీద బొమ్మలు చూపించి, సాయంత్రం సర్టిఫికెట్లు పంచి, ఫొటో తీసుకుంటారు. రెండు నెలల తర్వాత కట్టు కట్టమంటే చెయ్యి కదలదు. మూడున్నర గంటల్లో మాట ఒక గంటకి మించకూడదు. వెలిగించిన చిన్న మంటని మంట ఆర్పే సిలిండర్‌తో ప్రతి ఒక్కరూ స్వయంగా ఆర్పాలి. ఆరు కిలోల పౌడర్ సిలిండరు పదిహేను, ఇరవై సెకన్లకే ఖాళీ అయిపోతుందని చేత్తో పట్టుకున్నాకే నమ్ముతారు. బంగాళాఖాతంలో తుఫాన్లకి రెండు కాలాలు: ఏప్రిల్–జూన్, అక్టోబర్–డిసెంబర్. కాబట్టి మార్చిలో ఒకరోజు, సెప్టెంబర్‌లో ఒకరోజు నేర్చుకున్నది మళ్లీ చేయించండి.

శిక్షణ ఎందుకంటే, ధైర్యం నేర్పడానికి కాదు, అది మనవాళ్లకి ఉంది. 1985లో మెక్సికో నగరంలో భూకంపం వచ్చినప్పుడు ఏ శిక్షణా లేని జనం 800 మందికి పైగా బయటికి తీశారు. ఆ ప్రయత్నంలో వాళ్లలోనే సుమారు వందమంది చనిపోయారు. అటువంటి వందమందిని పోగొట్టుకోకూడదనే ఈ ఇరవై గంటలు.

ప్రశ్న: సామాన్ల జాబితా ఇంటర్నెట్‌లో చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. మాది మామూలు వీధి, చందాలు పెద్దగా రావు. తప్పనిసరిగా ఏవేవి కొనాలి?
*– గృహిణి, కంచరపాలెం*

జవాబు: మనిషికి ఆరు వస్తువులు: హెల్మెట్, అడుగు మందంగా ఉన్న బూట్లు, తోలు చేతితొడుగులు, తలకి కట్టుకునే టార్చి, విజిల్, దుమ్ముకి ఎన్‌95 మాస్కు. రక్తం ముట్టుకోవాల్సి వస్తే వేసుకోవడానికి రెండు జతల రబ్బరు గ్లవ్స్ జేబులో ఉండాలి. బైక్ హెల్మెట్ లేనిదానికంటే నయమేగానీ చెవులు మూసేస్తుంది. శిథిలాల కింది మూలుగు వినాలంటే చెవులు తెరిచి ఉండాలి. మేస్త్రీలు పెట్టుకునే పసుపు హెల్మెట్ చౌక, మేలు కూడా.

బృందం మొత్తానికి అయిదడుగుల గునపం ఒకటి, పార, గొడ్డలి, చేతిరంపం, 12 మిల్లీమీటర్ల నైలాన్ తాడు 30 మీటర్లు, నాలుగంగుళాల చదరపు చెక్క దిమ్మలు కనీసం పన్నెండు, రెండు గట్టి వెదుర్లు, ఒక దుప్పటి, బ్యాటరీ మైకు, నాలుగు రంగుల ఇన్సులేషన్ టేపు, గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజీలు, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, క్లోరిన్ బిళ్లలు. గునపం, పార, గొడ్డలి ఎవరో ఒకరింట్లో ఉంటాయి. కొనకండి, ఎవరింట్లో ఉన్నాయో రాసుకోండి.

సామాను కొన్నాక పాడైపోయే తీరు కూడా తెలుసుకోవాలి. మన ఊరి ఉప్పుగాలికి ఇనుము ఒక్క వర్షాకాలంలో తుప్పు పడుతుంది. గునపానికి, రంపానికి గ్రీజు పూసి గోనెగుడ్డ చుట్టండి. బ్యాటరీలు టార్చిలో వదిలేస్తే కారి టార్చి పోతుంది, విడిగా ఉంచండి. కొబ్బరి తాడు చూడ్డానికి బాగానే ఉండి లోపల చివికిపోతుంది, మనిషి బరువు దానిమీద పెట్టొద్దు. పెట్టెని సెల్లారులో పెట్టకండి, ముందు మునిగేది అదే. తాళం చెవులు రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. తాళం చెవి ఉన్నాయన ఊరెళ్లాడన్న మాట ఆరోజు వినకూడదు.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. గునపాలు పట్టలేను. నాలాంటివాళ్లకి ఈ బృందంలో చోటుందా?
*– విశ్రాంత ఉపాధ్యాయురాలు, ఎంవీపీ కాలనీ*

జవాబు: ఉందమ్మా. పైగా చాలా బృందాల్లో సరైన మనిషి దొరక్క ఆగిపోయేది మీరు చేయగల పనే. అది పట్టిక రాయడం.

వీధిలో ఏ ఇంట్లో ఎందరున్నారు, వాళ్లలో మంచం దిగలేనివాళ్లు, చెవులు వినపడనివాళ్లు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ వాడేవాళ్లు, డయాలిసిస్‌కి వెళ్లేవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఎవరెవరో రాయాలి. గర్భిణి అయితే డాక్టరు ఇచ్చిన తేదీ, డయాలిసిస్ అయితే వారంలో ఏయే రోజులో కూడా. ఇవన్నీ ఫోన్‌లో కాదు, కాగితంమీదే ఉండాలి. కరెంటు పోయిన రెండో రోజుకి ఫోన్‌లోని పట్టిక ఎవరికీ అందదు. ఆరోగ్య విషయాలు కాబట్టి కవరులో పెట్టి అంటించి ఇద్దరి దగ్గరే ఉంచండి. ఆరు నెలలకోసారి కొత్తగా రాయండి.

తుఫాను హెచ్చరిక రాగానే ఈ పట్టికతోనే పని మొదలవుతుంది. డయాలిసిస్ ఉన్నాయన్ని ఒకరోజు ముందే చేయించుకుని ఆసుపత్రికి దగ్గరున్న బంధువుల ఇంట్లో ఉండమనాలి. నెలలు నిండిన అమ్మాయిని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కో, ఆమె చూపించుకునే ఆసుపత్రికో దగ్గర చేర్చాలి. ఆక్సిజన్ మెషీన్ ఇంటికి నిండు సిలిండరు తెప్పించాలి, ఎందుకంటే మెషీన్ కరెంటుతో నడుస్తుంది. ఇన్సులిన్ గురించి కంగారొద్దు. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు ఉంటే దాదాపు నాలుగు వారాలు పనిచేస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడలో ఉంచితే చాలు. ఐసుకి తగలనివ్వకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

గాలి తగ్గాక మీరు ఒక బల్ల వేసుకుని కూర్చుని, ఇద్దరిద్దరుగా వెళ్లే మనవాళ్లలో ఏ జంట ఏ ఇంటికి వెళ్లింది, ఎన్నింటికి వెళ్లింది, తిరిగొచ్చిందా లేదా అన్నది రాస్తూ ఉంటే బృందం దారి తప్పదు.

ప్రశ్న: మాది కొండవాలు మీద ఇళ్లు. వానకి వెనకింటి రక్షణగోడ జారి మా ఇంటిమీద పడుతుందేమోనని ఏటా భయమే. గోడ కింద మనిషి ఇరుక్కుంటే ఎలా తీయాలి?
*– ఆటో డ్రైవరు, ఆరిలోవ*

జవాబు: మొదట చేయాల్సింది లాగకపోవడం. చెయ్యి పట్టుకుని లాగితే ఇరుక్కున్న కాలు చీలిపోతుంది, పైనున్న రాయి కదిలి మిగతాది కూలుతుంది. రెండోది పైకి చూడటం. వాలుమీద ఇంకా మట్టి జారుతుంటే, బురదనీళ్లు ఊటలా వస్తుంటే, కింద మనిషి ఉన్నా మీరు వెళ్లకూడదు. ఇది రాయడానికి మాకూ కష్టంగానే ఉంది. కానీ రెండోసారి జారే మట్టి కింద సాయానికి వెళ్లినవాళ్లే ఉంటారు. ఇల్లు ఒరిగినా, శ్లాబు కుంగినా లోపలికి పోకుండా బయటినుంచే కేకవేసి, 101కి, 112కి చెప్పి, ఎవరెక్కడున్నారో గుర్తు పెట్టి ఉంచండి. పెచ్చులూడి, గోడలకి బీటలు మాత్రమే వచ్చిన ఇంట్లోకి ఇద్దరిద్దరుగా వెళ్లొచ్చు.

వెతికేటప్పుడు అందరూ ఒకేసారి అరుస్తారు, అందువల్ల లోపలివాళ్ల గొంతు ఎవరికీ వినపడదు. ఒక్కరే మైకులో ‘లోపలున్నవాళ్లు గోడమీద మూడుసార్లు కొట్టండి’ అనాలి. తర్వాత ఒక నిమిషం పూర్తి నిశ్శబ్దం, జనరేటర్లు, బైకులు కూడా ఆపాలి. లోపలికి వెళ్లిన జంట కుడిచేత్తో గోడ తడుముకుంటూ చివరిదాకా వెళ్లి, ఎడమచేత్తో అదే గోడ తడుముకుంటూ తిరిగి రావాలి. చీకట్లో దారి తప్పకుండా ఉండటానికి అదే ఉపాయం. వెళ్లేముందు గుమ్మం పక్కన ఒక ఏటవాలు గీత గీయండి, బయటికొచ్చాక దాన్ని ఖండిస్తూ ఇంకోటి. రెండు గీతలున్న ఇల్లు వెతికేసినది, ఒక్క గీతే ఉంటే లోపల మనవాళ్లున్నారు. సుద్దముక్క వానకి చెరిగిపోతుంది, మైనపు క్రేయాన్ వాడండి.

ఇక బరువు లేపడం. అయిదడుగుల గునపం మొనని రాతి కిందికి దూర్చి, మొనకి అరడుగు దూరంలో వెడల్పాటి చెక్కదిమ్మని ఆనించారనుకోండి. చేతివైపు నాలుగున్నర అడుగులు మిగులుతుంది, అంటే తొమ్మిది రెట్ల బలం. మీరు 40 కిలోలు మోపితే అవతల 360 కిలోలు లేస్తాయి. కానీ మీ చెయ్యి తొమ్మిది అంగుళాలు దిగితే రాయి లేచేది ఒక్క అంగుళమే. అందుకని ఒకేసారి ఎత్తేద్దామనుకోవద్దు. అంగుళం లేపండి, ఆ అంగుళంలో చెక్క దూర్చండి, మళ్లీ అంగుళం.

చెక్కల పేర్పు ఇలా ఉండాలి. రెండు దిమ్మలు పక్కపక్కన ఎడంగా, వాటిమీద అడ్డంగా రెండు, మళ్లీ నిలువుగా రెండు. ప్రతి దిమ్మ చివర కింది దిమ్మ దాటి నాలుగంగుళాలు బయటికి రావాలి, లేకపోతే బరువుకి చివర చీలి పేర్పు ఒరుగుతుంది. పేర్పు ఎత్తు దాని వెడల్పుకి మించనివ్వకండి. సరుగుడు కర్రలు చేతికి దొరుకుతాయిగానీ గుండ్రంగా ఉండి దొర్లుతాయి, వద్దు. ఇటుకలు, సిమెంటు బోలు ఇటుకలు అసలే వద్దు. అవి ముందు హెచ్చరించవు, ఒక్కసారిగా పొడైపోతాయి. చెక్క అయితే కిర్రుమంటుంది, ఆ చప్పుడే హెచ్చరిక.

‘ఎత్తు’, ‘దించు’ అనే అధికారం ఒక్కరికే. ‘ఆపు’ అనే అధికారం మాత్రం అందరికీ. దిమ్మని చేత్తో లోపలికి పెట్టకుండా ఇంకో కర్రతో తోయండి. లేపిన బరువు కింద మీ వేళ్లు ఒక్క క్షణం కూడా ఉండకూడదు.

ఒక సంగతి చాలామందికి తెలీదు. కాలో, తొడో గంటకి మించి నలిగి ఉంటే, బరువు తీయగానే ఆ కండరాల్లో చేరిన విషపదార్థాలు, పొటాషియం రక్తంలో కలిసి గుండె ఆగిపోవచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అప్పటిదాకా మాట్లాడిన మనిషి బయటికి తీసిన పది నిమిషాల్లో పోవడానికి కారణం ఇదే. గంట దాటితే ‘ఇన్ని గంటలుగా ఇరుక్కుని ఉన్నాడు’ అని 108కి చెప్పి, సెలైన్ పెట్టగల సిబ్బంది వచ్చేదాకా ఆగండి. దుప్పటి కప్పండి, మాట్లాడుతూ ఉండండి, ఇరుక్కున్న సమయం చేతిమీద పెన్నుతో రాయండి. నీళ్లు పెరుగుతుంటేనో, మంట వస్తుంటేనో మాత్రం ఆగడానికి లేదు, తీసేయాలి.

ప్రశ్న: ఒకేచోట ఇరవై మందికి దెబ్బలు తగిలితే ముందు ఎవరిని చూడాలి? మా కాలేజీ డ్రిల్లులో ఎవరు గట్టిగా ఏడిస్తే వాళ్ల దగ్గరికే అందరం పరిగెత్తాం.
*– డిగ్రీ విద్యార్థిని, గోపాలపట్నం*

జవాబు: మీ డ్రిల్లు మంచి పాఠమే చెప్పింది. ఏడవగలిగే మనిషికి ఊపిరి ఆడుతోంది. పలకని మనిషి దగ్గరికే ముందు వెళ్లాలి.

మొదటి మాట మైకులో: ‘నడవగలిగినవాళ్లు ఈ చెట్టు దగ్గరికి రండి.’ వచ్చినవాళ్లంతా ఆకుపచ్చ (రంగు టేపు గుర్తు: ఎరుపు వెంటనే చూడాల్సినవాళ్లు, పసుపు ఆ తర్వాత, ఆకుపచ్చ ఆగగలిగినవాళ్లు, నలుపు ఊపిరి లేనివాళ్లు). వాళ్లని చూసే పనీ తగ్గుతుంది, వాళ్లలో ఒకరిద్దరు సాయానికీ వస్తారు. పడి ఉన్నవాళ్లలో దగ్గరున్న మనిషితో మొదలుపెట్టి వరసగా వెళ్లండి, మనిషికి నిమిషంలోపే. ఊపిరి ఉందా? లేకపోతే తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తండి. అప్పటికీ రాకపోతే నలుపు. నిమిషానికి 30 సార్లకి మించి ఎగశ్వాస వస్తుంటే ఎరుపు. తర్వాత గోరు నొక్కి వదలండి, తెల్లబడిన గోరు రెండు సెకన్లలో ఎర్రబడకపోతే ఎరుపు. వానలో తడిసి చల్లబడ్డ చేతుల్లో, చీకట్లో ఈ గోరు పరీక్ష మోసం చేస్తుంది. అప్పుడు మణికట్టు దగ్గర నాడి చూడండి, అందకపోతే ఎరుపు. చివరగా ‘నా వేలు గట్టిగా పట్టుకో’ అనండి. పట్టుకోలేకపోతే ఎరుపు, పట్టుకుంటే పసుపు. ఇన్సులేషన్ టేపు ఈ నాలుగు రంగుల్లోనూ ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది, మణికట్టుకి చుట్టేస్తే సరి.

ఈ వరస తిరిగేటప్పుడు చేయాల్సిన వైద్యం రెండే: ఊపిరి దారి తెరవడం, చిమ్మే రక్తం ఆపడం. మిగతా కట్లన్నీ రెండో విడతలో. రక్తానికి శుభ్రమైన గుడ్డ మడిచి అరచేత్తో గడియారం చూసుకుంటూ పది నిమిషాలు నొక్కండి. మధ్యలో తీసి చూస్తే గడ్డకట్టింది ఊడిపోతుంది. గుడ్డ తడిస్తే దానిమీదే ఇంకోటి వేయండి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. ఆసుపత్రిలో వాటిని కడగడానికే సమయం పోతుంది.

గాయపడింది నలుపు చుట్టిన ఆ మనిషి ఒక్కరే అయితే తప్పకుండా సి.పి.ఆర్. చేసేవాళ్లం: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ 5 సెంటీమీటర్లు దిగేలా. ఇరవై మంది మధ్యలో మాత్రం సి.పి.ఆర్. చేసే ఇద్దరు మనుషుల్ని ఒక్కరి దగ్గరే ఉంచేస్తే బతకాల్సిన ఎర్ర టేపు వాళ్లు పోతారు. ఇది అన్నిటికంటే బరువైన నిర్ణయం. శిక్షణలోనే దీని గురించి మనసు విప్పి మాట్లాడుకోండి. ఆ మనిషి బంధువుల పక్కన ఒకర్ని ఉంచండి, ఒంటరిగా వదలకండి. పావుగంటకోసారి అందర్నీ మళ్లీ చూడండి, పసుపు ఎరుపవుతుంది.

ప్రశ్న: చుట్టూ ఫ్యాక్టరీలు. గ్యాస్ లీకైతే తడిగుడ్డ కట్టుకుని వెళ్లి జనాన్ని లేపొచ్చా?
*– చిరు వ్యాపారి, మల్కాపురం*

జవాబు: గ్యాస్ మేఘం లోపలికి వెళ్లొద్దు. తడిగుడ్డ అయినా, ఎన్‌95 అయినా దుమ్మునీ, తుంపరనీ ఆపుతాయిగానీ వాయువుని ఆపవు. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీనుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వ్యాపించి 12 మంది చనిపోయారు. పరిగెడుతూనే రోడ్డుమీద స్పృహ తప్పినవాళ్లని అందరం చూశాం. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. పల్లంలో, కాల్వల్లో, సెల్లారులో నిలుస్తుంది.

అందుకని ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. గుడి ధ్వజం, పొగ, ఆరేసిన బట్టలు చెబుతాయి. గాలికి అడ్డంగా పక్కకి నడిచి మేఘం దారినుంచి తప్పుకుని, తర్వాత గాలికి ఎదురుగా, మిట్టవైపు వెళ్లాలి. గాలి వాటున పారిపోతే అది మీ వెంటే వస్తుంది. మన తీరంలో సాధారణంగా పగలు సముద్రంనుంచి ఊళ్లోకి, అర్ధరాత్రి దాటాక నేలమీదినుంచి సముద్రంవైపు గాలి వీస్తుంది. పగలు పెట్టిన డ్రిల్లులో నేర్పిన దారి రాత్రి తప్పుదారి కావచ్చు. మీ వీధికి రెండు దారులు గీయండి, ఒకటి పగటికి, ఒకటి రాత్రికి. జనాన్ని లేపడానికి గుడి, మసీదు, చర్చి మైకులు వాడండి, తలుపు తలుపూ తట్టడం మేఘం ఇంకా చేరని వీధుల్లోనే. తప్పించుకునే వీలు లేనివాళ్లు పై అంతస్తు గదిలోకి వెళ్లి ఏసీ, ఎగ్జాస్ట్ ఆపి, కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కాలి.

ప్రమాదకర రసాయనాలపై 1989 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, పెద్ద ప్రమాదం జరగగల పరిశ్రమ తన చుట్టుపక్కల జనానికి ముందే సమాచారం ఇవ్వాలి: ఏ ముప్పు ఉంది, సైరన్ మోగితే ఏం చేయాలి. ఇది మీ హక్కు. ఏ రసాయనం, ఏ సైరన్, ఏ దారి అన్న మూడు ప్రశ్నలూ రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: తుఫాను మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే పడవలు చూసుకోడానికి వెళ్లొచ్చా?
*– పెదజాలరిపేట*

జవాబు: వెళ్లకండి. అది తుఫాను కన్ను కావచ్చు. అది దాటగానే గాలి ఇందాకటికి ఎదురు దిక్కునుంచి అంతే జోరుగా వస్తుంది, ఒకవైపు వదులైన రేకులు, చెట్లు అప్పుడే ఎగురుతాయి. తుఫాను తీరం దాటి బలహీనపడిందని అధికారికంగా చెప్పేదాకా లోపలే ఉండండి. పోర్టు హెచ్చరికల్లో 11వ నంబరు కనిపిస్తే పరిస్థితి కుదుటపడిందనుకోవద్దు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

ప్రశ్న: తెగిపడ్డ తీగల్ని ఎండుకర్రతో పక్కకి తీయొచ్చా?
*– అక్కయ్యపాలెం*

జవాబు: వద్దు. వానలో ఎండుకర్ర అంటూ ఉండదు. పది మీటర్ల దూరంలో అడ్డంగా తాడు కట్టి, కాపలాకి మనిషిని నిలబెట్టి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి. మీరు ఇప్పటికే దగ్గరున్నారని తెలిస్తే అడుగులెత్తకుండా, రెండు పాదాలూ దగ్గరగా నేలకి ఆనించి జరుపుతూ వెనక్కి రండి. జనరేటరు తీగని ఇంట్లోని ప్లగ్గులో గుచ్చేవాళ్లని బృందమే వెళ్లి ఆపాలి. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా వెనక్కి పారి, లైన్లు బాగుచేసే కార్మికుణ్ణి చంపుతుంది. జనరేటరు గదిలో నడిపితే దాని పొగ ఇంట్లోవాళ్లని చంపుతుంది.

ప్రశ్న: మా ఇళ్ల మధ్య బావి ఉంది. తుఫాను తర్వాత బ్లీచింగ్ పౌడర్ గుప్పెళ్లతో చల్లుతారు. అసలు లెక్కేమిటి?
*– పెందుర్తి*

జవాబు: 1,000 లీటర్లకి 2.5 గ్రాములు. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీళ్లున్న బావిలో దాదాపు 9,400 లీటర్లుంటాయి, అంటే 24 గ్రాములు. వ్యాసాన్ని వ్యాసంతో, తర్వాత నీటిలోతుతో, ఆపైన 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి (కొలతలు మీటర్లలో). పొడిని కళ్లంచనాగా కాక బంగారం కొట్టు త్రాసులో తూయించి పొట్లాలు కట్టుకోండి. బకెట్‌లో ముద్దగా కలిపి, ముప్పాతికవంతు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకి దిగుతుంది. పైతేట మాత్రమే బావిలో పోసి చేంతాడు బకెట్‌తో బాగా కదపండి. గంట తర్వాత తోడుకోవచ్చు.

ఆ గంట తర్వాత లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలితేనే నీళ్లు మంచివైనట్టు. వార్డు ఆరోగ్య సిబ్బంది దగ్గరుండే క్లోరోస్కోపుతో (క్లోరిన్ కొలిచే పరికరం) చూపించండి. మిగలకపోవడానికి రెండు కారణాలుంటాయి. పొడి పాతదై, మూత తెరిచి ఉండి బలం పోవడం, లేదా నీళ్లు బురదగా ఉండి క్లోరిన్‌ని మురికే తినేయడం. బురదైతే ముందు తోడించి తేర్చాలి. బిందెలకి 20 లీటర్లకి అర గ్రాము క్లోరిన్ బిళ్ల ఒకటి, అరగంట మూతపెట్టి ఉంచాలి. అపార్టుమెంట్ల సంపుల్లోకి మురుగు ఊరడం మన ఊళ్లో మామూలే, వాటినీ మరవకండి.

ప్రశ్న: ఫోన్లు లేనప్పుడు కబురెలా? ఉన్నప్పుడేమో వాట్సాప్‌లో పుకార్లు.
*– సీతమ్మధార*

జవాబు: టవర్లు కొనప్రాణంతో ఉన్నప్పుడు కాల్ కలవకపోయినా ఎస్ఎంఎస్ వెళ్తుంది, ముందు అది ప్రయత్నించండి. అదీ లేకపోతే ఇద్దరు మనుషులు కాగితంతో నడిచి వెళ్లాలి. నోటిమాట మూడో మనిషికి చేరేసరికి మారిపోతుంది. కాగితంమీద ఎక్కడ, ఎంతమంది, ఏం కావాలి, రాసిన సమయం, రాసినవాళ్ల పేరు ఉంటే చాలు. దగ్గరి పోలీస్ స్టేషన్, ఫైర్ స్టేషన్, వార్డు సచివాలయానికి కాలినడక దారి ముందే నడిచి చూసుకోండి, చెట్లు పడితే బండి పోదు. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070, ఫోన్ కలిసినప్పుడు ఇవి.

పుకార్లకి మందు, పట్టిక రాసే బల్ల దగ్గర ఒక బోర్డు. రూఢి అయిన సంగతులే, సమయంతో సహా రాయండి. అబద్ధపు హెచ్చరికతో భయాందోళన పుట్టిస్తే 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాదిదాకా జైలు ఉందని గ్రూపులో ఒకసారి చెప్పి ఉంచడం మంచిది.

ప్రశ్న: సాయానికి వెళ్లి మావాళ్లకే దెబ్బ తగిలితే ఖర్చెవరిది?
*– యువజన సంఘం సభ్యుడు, గాజువాక*

జవాబు: ఆపద మిత్రలకి పథకంలోనే బీమా ఉంది. మిగతావాళ్లు కనీసం ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరండి. 18 నుంచి 70 ఏళ్లలోపు బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లెవరికైనా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా పూర్తిగా అంగవైకల్యం వచ్చినా రెండు లక్షలు. జూన్ 1 నుంచి మే 31 వరకు వర్తిస్తుంది, ఆ తేదీల్లో ఖాతాలో 20 రూపాయలు లేక రద్దైపోయేవి ఎక్కువ, సంఘం తరఫున మే నెలలో ఒకసారి అందరివీ చూడండి. ఇది ఆసుపత్రి బిల్లు కట్టే బీమా కాదని మాత్రం ముందే చెప్పండి. దానికి ఇంటి ఆరోగ్య బీమా విడిగా ఉండాల్సిందే. తుప్పు రేకుల మధ్య పనిచేసేవాళ్లు ధనుర్వాతం ఇంజెక్షన్ పదేళ్లలోపు వేయించుకోకపోతే మొదటి ఆదివారమే వేయించండి. పేరు, రక్తం గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసిన కార్డు హెల్మెట్ లోపల ప్లాస్టిక్ కవరులో అంటించండి.